మూత వేసినోళ్లు ముగ్గురు

తమిళనాడులో ధర్మపురి దగ్గరి సోగత్తూరు మణికండన్ కూతురు ఉషా పాట కచ్చేరీల్లో పాడేది. పన్నెండో తరగతి ముగిసినాక రంగరాజు అనే కీబోర్డు వాయించే ఆయన ట్రూపులో చేరి, తిరునాళ్లకూ చెవులు కుట్టే వేడుకలకూ ఊరూరా తిరిగింది. పాడేదంతా తమిళం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆ అమ్మాయికి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

రెండు వేల అయిదులో, ఉషాకు ఇరవై రెండేళ్లప్పుడు, రంగరాజుకు ఒక ఆలోచన పుట్టింది. ఎవరో పాడిన సినిమా పాటలే ఎన్నాళ్లు పాడడం, మనకంటూ ఒక పాట ఉండాలి అన్నాడు. ఆడమనిషి ప్రశ్న వేస్తే మగవాడు జవాబు చెప్పే పాటలకు అప్పట్లో జనం ఈలలు వేసేవారు. పొడుపుకథలాంటిది ఏదైనా తెలుసా అని ఆయన ట్రూపులో అందరినీ అడిగాడు. ఉషాకు వెంటనే తన అవ్వ చెప్పే కథ గుర్తుకొచ్చింది.

అవ్వ పేరు మారమ్మ, మణికండన్ తల్లి. చింతపండు కొడుతూనో వేరుశనగ కాయలు వలుస్తూనో పిల్లలకు ఆ కథ చెప్పేది. ఒక రాజు ఒక ఆడపిల్లకు మరణశిక్ష వేస్తాడు. ఏ తప్పు చేసిందో మారమ్మ ఎప్పుడూ చెప్పేది కాదు. ఆఖరి కోరిక అడిగితే ఆ పిల్ల, నేనొక పొడుపుకథ వేస్తాను, నీ సభలో ఎవరు విప్పినా నా తల తీసెయ్యి, విప్పలేకపోతే నన్ను ఇంటికి పంపు అంటుంది. అప్పుడు మారమ్మ గొంతు తగ్గించి పాడేది:

నీళ్లు లేని బావికి నిండా ముత్తైదు,
మెట్లు లేని ఇంట్లో మెట్టెల సద్దు,
మూత వేసినోళ్లు ముగ్గురు, చూసిన కండ్లు రెండు,
ఏమిటో చెప్పు రాజా, చెప్తే నా తల నీది.

సభలో పండితులంతా తల వంచుకుంటారు. పిల్ల ఇంటికి పోతుంది. జవాబు ఏమిటని పిల్లలు ఎంత వేధించినా, రాజుకే తెలియనిది మీకెందుకు అని మారమ్మ లేచిపోయేది.

రంగరాజు ఆ నాలుగు మాటలనూ తమిళంలోకి మార్చి, దరువు కట్టి, మగగొంతుకు జవాబు కూడా రాశాడు. నీళ్లు లేని బావి అంటే పిల్ల మనసు, అందులో నిండింది ప్రేమ, మెట్టెల సద్దు గుండె చప్పుడు, ఆ ప్రేమకు మూత వేసినవాళ్లు అమ్మా నాన్నా అన్నా, చూసిన రెండు కళ్లూ నావి. సేలంలో ఒక చిన్న కంపెనీ దాన్ని క్యాసెట్టుగా తెచ్చింది. రెండు నెలల్లో ధర్మపురి నుంచి పెన్నాగరం, మొరప్పూర్ పోయే ప్రైవేటు బస్సులన్నిట్లో అదే మోగసాగింది. క్యాసెట్టు అట్ట మీద ఉషా ఫోటో, కింద సోగత్తూరు ఉషా అని పేరు వేశారు. మణికండన్ ఆ అట్టను చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు.

అవ్వను అడగాలని ఉషాకు తోచలేదు. ఇంట్లో అందరికీ తెలిసిన కథే కదా అనుకుంది.

పక్కింటివాళ్లు మనవడికి చెవులు కుట్టించిన రోజున మైకుసెట్టులో ఆ పాట వేశారు. మారమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. తమిళమే అయినా రెండో పాదానికల్లా ఆమె చేతిలో కర్ర ఆగిపోయింది. లేచి, పందిరి దాకా నడిచి, స్పీకరు కింద నిలబడి పాటంతా వింది. తిరిగొచ్చి మళ్లీ చింతపండు ముందు కూర్చుంది గాని కర్ర ముట్టుకోలేదు. ఉషా ఇంటికి రాగానే అడిగింది.

"జవాబు ఎవురు చెప్పినారు?"

"రంగరాజన్న రాసినాడవ్వా. ఊరికే, పాట కోసరం."

"మూత వేసింది అమ్మా నాయనా అన్ననా?"

"అట్ల పెట్టినాడు."

మారమ్మ కర్రను పక్కకు తోసింది. తర్వాత, "నన్ను ఒక మాట అడిగుంటే వద్దని చెప్పుందును," అని లోపలికి పోయింది. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆ పూటా మరునాడూ అన్నం ముట్టలేదు. మూడో రోజు తిన్నది గాని ఉషాతో మాటలు మానేసింది. బస్సు హారను వినిపిస్తే చాలు, పెరట్లోకి వెళ్లిపోయేది. వయసు మీద పడుతోంది, పట్టించుకోవద్దని మణికండన్ కూతురికి సర్దిచెప్పాడు. 

ఇంకో నెలకు ఒక ముసలాయన వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా పంచె, చేతిలో ఆసుపత్రి చీటీ ఉన్న సంచి. పెన్నాగరం అవతల ఒక పల్లె తనదని, పేరు తిమ్మప్ప అని చెప్పాడు. కళ్లు చూపించుకోవడానికి ధర్మపురికి వస్తుంటే బస్సులో ఆ పాట విన్నాడట. దిగినాక క్యాసెట్టు అంగడికి పోయి, పాడింది ఎవరు, ఏ ఊరు అని అడిగి తెలుసుకున్నాడట. మణికండన్ ఆయన్ను కచ్చేరీ మాట్లాడుకోవడానికి వచ్చినవాడనుకుని మంచం వాల్చాడు. తిమ్మప్ప కూర్చోలేదు. ఈ పాట పాపకు ఎవరు నేర్పారో వాళ్లను చూడాలి అన్నాడు.

చేట పట్టుకుని బయటకొచ్చిన మారమ్మ గడపలోనే ఆగిపోయింది.

"పాపా, నేను తిమ్మప్పను," అన్నాడాయన.

అరవై దాటిన అవ్వను ఎవరో పాపా అని పిలవడం ఉషా అంతవరకూ వినలేదు. మారమ్మ చాలాసేపు ఆయన్ను చూసి, చేట కింద పెట్టింది.

"మూడోవాడివి నువ్వే కదా."

తిమ్మప్ప తల ఊపాడు. అప్పుడు మంచం అంచున కూలబడ్డాడు.

ఆ మధ్యాహ్నం మణికండన్‌కూ ఉషాకూ తెలిసిన సంగతి ఇది. మారమ్మకు రాసాత్తి అని ఒక అక్క ఉండేది. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తగా వినలేదు. పదిహేడో ఏట ఆమెను తిమ్మప్ప అన్నకు ఇచ్చి చేశారు. మరుసటి ఏడు కోతలకు అక్కకు తోడుగా ఉండమని తొమ్మిదేళ్ల మారమ్మను ఆ ఊరికి పంపారు. ఒక ఉదయం కూడు ఆలస్యంగా తెచ్చిందని పొలంలో మొగుడు రాసాత్తిని తోశాడు. చంపాలని కాదు, కోపంలో తోశాడని తిమ్మప్ప అన్నాడు. తల వెళ్లి బావి ఒరకు తగిలింది. మనిషి మళ్లీ లేవలేదు. ఆ ఎండిపోయిన బావిలోకి ఆమెను దించి, మొగుడూ అతని తల్లీ పన్నెండేళ్ల తిమ్మప్పా ముగ్గురూ పొద్దెక్కేలోగా రాళ్లూ కంపా నింపారు. గాజులమ్మేవాడితో లేచిపోయిందని ఊరికి చెప్పారు. ఆ మాట నమ్మి రాసాత్తి నాయన బతికే ఉందనుకున్న కూతురికి తలస్నానం చేసి నీళ్లు వదిలాడు. ఆమె తల్లి ఆ పరువు దిగులుతోనే మూడేళ్లకు పోయింది. మిగిలిన చెల్లెళ్లకు సంబంధాలు రావడానికి ఏళ్లు పట్టింది.

పొలానికి అక్క వెనకాలే పోయిన మారమ్మ చింతమానుల చాటు నుంచి అంతా చూసింది. చెప్తే నిన్నూ అందులోనే వేస్తామని ఎవరూ ఆమెను బెదిరించలేదు, ఆమె చూసినట్టు ఎవరికీ తెలియదు. తనంతట తానే నోరు మూసుకుంది. పెళ్లయి పిల్లలు పుట్టాక, కథ చెప్పమని వాళ్లు అడిగితే మొదటిసారి ఆ నాలుగు మాటలూ నోట్లోంచి వచ్చాయట.

 చెప్పడం అయ్యాక తిమ్మప్ప సంచి మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

"ఒక మాట అడిగి పోదామని వచ్చినాను," అన్నాడు చివరకు. "మూత వేసినోళ్లు ముగ్గురు, అది నిజమే. మెట్టెల సద్దు అని ఏమిటికి పెట్టినావు? పాటకు బాగుంటాదనా?"

"లేదు. వినినాను కాబట్టి."

"మేము రాళ్లేసే పొద్దుకు ఆమెకు ఊపిరి లేదు. మా అమ్మ ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసింది."

"మీరు ముగ్గురూ పోయినాక బావి కాడికి వచ్చినాను. వినినాను. మూడు తూర్లు." మారమ్మ గొంతు మామూలుగానే ఉంది. "ఊళ్లోకి ఉరికి ఎవరినైనా పిలవల్సుండె. పిలవలేదు. పోయి ఇంట్లో పనుకున్నాను."

తిమ్మప్ప సంచి మడతలు పెట్టడం ఆపాడు. "రాయి సర్దుకోనుంటాది పాపా. పామో ఏమో అయ్యుంటాది."

"అయ్యుంటాది," అంది మారమ్మ. "నేనూ అట్లే అనుకోవల్లని యాభై ఏండ్లు చూసినాను."

తిమ్మప్ప వెళ్లాక మణికండన్ తల్లిని బతిమాలాడు. చేసినవాళ్లలో ఇద్దరు చచ్చిపోయారు, ఈయన రేపో మాపో, ఇప్పుడు పైకి తీస్తే ఉషాకు వచ్చే సంబంధం కూడా ఆగిపోతుంది అన్నాడు. మారమ్మ ఔననలేదు, కాదనలేదు. ఉషా మరునాడే రంగరాజు దగ్గరికి పోయి ఇక ఆ పాట పాడనని చెప్పింది. ఆయన నవ్వి, నువ్వు పాడకపోతే ఇంకో పిల్ల పాడుతుంది, పాట ఇప్పుడు నీదీ కాదు నాదీ కాదు అన్నాడు. ఆ వెంటే, ఆడి నెల పద్దెనిమిదో రోజు పండగకు ఒప్పుకున్న కచ్చేరీ సంగతి చెప్పాడు. పెన్నాగరం అవతల పల్లె. ఆ పాట కోసమే పిలిచారట. పిలిచిన పెద్దమనిషి పేరు రామన్.

ఊరి పేరు వినగానే తిమ్మప్ప చెప్పినవన్నీ ఉషాకు గుర్తొచ్చాయి. తిమ్మప్ప ఊరే అది. రామన్ ఆయన అన్న కొడుకు, రాసాత్తి పోయినాక చేసుకున్న రెండో పెళ్లాం బిడ్డ. ఆ పొలం ఇప్పుడు అతనిదే.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పింది. ఇన్నాళ్ల తర్వాత మారమ్మ మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"పో. పాడు. తెలుగులో పాడు, నేను చెప్పినట్ల. జవాబు మాత్రం నువ్వు చెప్పొద్దు."

"మరి ఎవురు చెప్తారవ్వా?"

"మా అక్క లేచిపోయిందని ఆ ఊర్లోనే కదా చెప్పినారు. ఆ ఊరే చెప్పనీ."

మణికండన్ రానన్నాడు. ఉషా ఎవరి చేతనో తిమ్మప్పకు కబురు పంపింది. ఆయన నుంచి ఏ జవాబూ రాలేదు. ఆడి పద్దెనిమిది రోజున అవ్వను ట్రూపు వ్యానులోనే ఎక్కించుకుని పోయింది.

మారియమ్మకు పొంగళ్లు పెట్టినాక, మధ్యాహ్నం మూడు గంటలకు గుడి ముందు షామియానాలో కచ్చేరీ మొదలైంది. ఆ ఊళ్లో సగానికి సగం తెలుగిండ్లే. మారమ్మ ఆడవాళ్ల వరసలో మొదట కూర్చుంది. ఆమె ఎవరో ఒక్కరికీ తెలియలేదు. నలభై అయిదేళ్ల రామన్, తెల్లచొక్కా వేసుకుని, వచ్చినవాళ్లకు మజ్జిగ ఇప్పిస్తూ హుషారుగా తిరుగుతున్నాడు. ఉషాను పలకరించి, నీ పాట మా పాప పొద్దస్తమానం పాడుతుంటుందమ్మా అన్నాడు. మంచివాడిలాగే కనిపించాడు. ఆ మాటతో ఉషాకు ధైర్యం సగం పోయింది.

అయిదో పాటగా దాన్ని ఎత్తుకోవాలి. డప్పు మొదలవగానే జనం కేకలు వేశారు. ఉషా డప్పు ఆపమని చెయ్యి చూపించింది. రంగరాజు కళ్లెర్రజేశాడు. ఆమె ఆయన వైపు చూడకుండా, అవ్వ చింతపండు ముందు కూర్చుని పాడినట్టే, వాయిద్యం లేకుండా, తెలుగులో పాడింది. నాలుగు పాదాలూ అయ్యాక, మగగొంతు అందుకోకముందే, ఇదేమిటో మీలో ఎవరైనా చెప్పండి అని అడిగింది.

కుర్రాళ్లు మనసు, ప్రేమ అని అరిచారు. ఒకావిడ దానిమ్మకాయ అంది. అందరూ నవ్వారు. అప్పుడు వెనక నుంచి తిమ్మప్ప వచ్చాడు. వేదిక మెట్లు ఎక్కడానికి డప్పు వాయించే అతను చెయ్యి అందించాల్సి వచ్చింది. ఆయన మైకును నోటికి మరీ దగ్గరగా పట్టుకుంటే స్పీకర్లు గరగరమన్నాయి.

"రామన్ పొలంలో పూడ్చిన బావి అది," అన్నాడు. "అందులో ఉండేది మా వదిన రాసాత్తి. ఆమె ఎవురితోనూ పోలేదు. మూత వేసినోళ్లు మా అమ్మ, మా అన్న, నేను."

రామన్ పరుగున వచ్చి మైకుసెట్టు తీగ లాగేశాడు. తిమ్మప్ప మైకు వదిలేసి మామూలు గొంతుతోనే మిగిలింది చెప్పాడు. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చెప్పుకుంటూ పోయారు.  మారమ్మ లేచి నిలబడింది. ఎవరు నువ్వని పక్కనున్నామె అడిగితే, రాసాత్తి చెల్లెలిని అని చెప్పింది.

రామన్ కొట్టడానికి రాలేదు. చిన్నాయన ముందు నిలబడి, "మా నాయన పోయి పద్దెనిమిదేండ్లాయె. ఇప్పుడు ఎవురిని పట్టుకోని అడగమంటావు?" అన్నాడు. తిమ్మప్ప, నన్ను అడుగు అన్నాడు. రామన్ అక్కడే ఒక కుర్చీలో కూర్చుండిపోయాడు. వ్యాను ఊరు దాటుతుంటే మాత్రం ఎవరో రాయి విసిరారు. వెనక అద్దం పగిలి ఉషా ఒళ్లో పడింది.

నాలుగో రోజున పోలీసులూ తాసిల్దారూ వచ్చి బావి తవ్వించారు. రెండు రోజులు పట్టింది. మారమ్మ పోనంది. తిమ్మప్ప మాత్రం ఆ రెండు రోజులూ గట్టు మీద ఎండలో నిలబడ్డాడు. ఎముకలు దొరికాయి, రెండు వెండి మెట్టెలు దొరికాయి. రాళ్లు వేసేటప్పటికి ప్రాణం ఉందో లేదో చెప్పగలరా అని తిమ్మప్ప ఎముకలు పరీక్ష చేసిన డాక్టరును అడిగాడు. ఇన్నేళ్లకు అది ఎవరూ చెప్పలేరని డాక్టరు అన్నాడు. తిమ్మప్ప మరునాడు పోయి మళ్లీ అడిగాడు. అప్పటికి పన్నెండేళ్లవాడని, అసలు నేరం చేసినవాళ్లు ఇప్పుడు బతికిలేరని పోలీసులు తిమ్మప్పను వదిలేశారు. రామన్ ఇంట్లో ఆయనకు అన్నం పెట్టడం మానేశారు. గుడి పక్కన సత్రంలో పడుకుంటున్నాడని తెలిసింది.

ట్రూపుకు పెన్నాగరం వైపు పిలుపులు ఆగిపోయాయి. రంగరాజు ఉషాను రావద్దన్నాడు, తిట్టలేదు. ఆమె ధర్మపురిలో ఒక బట్టల అంగడిలో చేరింది. క్యాసెట్టు ఆపమని సేలం కంపెనీకి ఉత్తరం రాయించింది. జవాబు రాలేదు. వచ్చిన సంబంధం మణికండన్ భయపడినట్టే వెనక్కి పోయింది. ఆయన కొన్నాళ్లు తల్లితో ముభావంగా ఉన్నాడు.

ఇంత జరిగినా మారమ్మ మనసు తేలికపడలేదు. పక్కింటి పిల్లలు కథ చెప్పమని వస్తే మరిచిపోయినానని పంపేసేది. ఒక ఆదివారం ఉషా ఆమె తలకు నూనె రాస్తూ, ఇప్పుడైనా ఊరందరికీ నిజం తెలిసింది కదవ్వా అంది.

"తెలిసింది," అంది మారమ్మ. "కతలో అయితే ఆ పిల్ల ప్రతి తూరీ ఇంటికి పోతాండె. నేనే పంపిస్తాంటి. ఇంక యాడికి పంపేది?"

 ఉషా నూనె గిన్నె పక్కన పెట్టి ఆమె జుట్టు ముడి వేసింది.

కాగితాలన్నీ ముగిసి ఎముకలు చేతికి వచ్చేసరికి సంక్రాంతితో మొదలయ్యే తై నెల అయింది. మణికండన్ ముభావం మాని తానే ముందుకొచ్చి, పెద్దమ్మకు చేయాల్సింది చేద్దాం అన్నాడు. ముగ్గురూ హొగెనకల్ పోయారు. కావేరి ఒడ్డున గుండ్రటి పుట్టి పడవ మాట్లాడుకుంటుంటే కొంచెం దూరంలో తిమ్మప్ప నిలబడి కనిపించాడు. ఎవరు చెప్పారో తెలియదు. దగ్గరికి రాలేదు. మణికండన్ ముఖం తిప్పుకున్నాడు. మారమ్మే చెయ్యి ఊపి పిలిచింది.

"రా బావా. రాళ్లు మోసినావు కదా. దీన్నీ మోయి."

ఆయన ఎముకలున్న మట్టికుండను రెండు చేతులతో అందుకుని, పుట్టి మధ్యలో, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారంతా తల ఎత్తలేదు. బండల మధ్య నీళ్లు నెమ్మదించిన చోట పుట్టివాడు తెడ్డు ఆపాడు. పంతులు చెప్పి పంపిన నాలుగు మాటలూ మణికండన్ చదివి, కుండ తీసుకుని నీళ్లలో వదిలాడు. అది కాసేపు తేలి, పక్కకు ఒరిగి, మునిగింది.

ఉషా అవ్వ భుజం మీద చెయ్యి వేసి, పెద్దవ్వ ఎట్లుండేదని అడిగింది. అంతవరకూ ఎవరూ ఆమెను అది అడగలేదు.

"జోరుగా నడుస్తాండె," అంది మారమ్మ. "నేను ఎనకబడితే నిలబడి తిడతాండె. తిట్టి, మళ్లా సంకనేసుకుంటాండె. పచ్చి చింతకాయలంటే పానం. పండ్లు పులిసిపోయి అన్నం నమల్లేకుండా ఏడుస్తాండె." నీళ్లలో చెయ్యి ముంచింది. "మొగము మాత్రం జ్ఞాపకం లేదు. ఎంత చూసినా రాదు."

తిమ్మప్ప అప్పుడు తల ఎత్తాడు. "గడ్డం కింద మచ్చ ఉండె," అన్నాడు. "ఎడమపక్క."

మారమ్మ ఆయన వైపు తిరిగింది. "ఇంకా?" అని అడిగింది.

పుట్టివాడు వెనక్కి తిప్పమంటారా అని అడిగాడు. ఉషా, ఇంకొంచెం సేపు ఉండనీ అన్నా అని చెప్పింది.